ఏటి

మౌస్ తీగను నిజం ఎలుకే కొరికేసింది
హిరమండలం సెక్షను ఆఫీసులో, రెండు వానాకాలాల కింద.
కొత్తదానికి ఇండెంటు పెట్టాం.
ఇండెంటు ఇంకా నడిచొస్తోంది.

అందుకే నాకు పది వేళ్లే దిక్కు,
ఈ నల్లటి ఎడిటరే ఇల్లు.
ఉత్తరాలు ఇందులోనే రాస్తాను,
లస్కర్ల మస్టరు ఇందులోనే వేస్తాను.
యంత్రానికి ఏ పని పురమాయించాలన్నా
ఇంకో గుమ్మం తొక్కను.
రాసుకునే కాగితం మీదే చెబుతాను,
జవాబు వచ్చి నా వాక్యం కిందే
చాపేసుకుని కూర్చుంటుంది.

దీన్నిలా మలిచినవాడు తవిటినాయుడు,
ఏడు నెలల కాంట్రాక్టు మీదొచ్చిన సరుబుజ్జిలి కుర్రాడు.
"దీనికి మన మాట నేర్పొచ్చు మేడమ్" అన్నాడు.
నేర్పాడు.
ఫైలు చూపించాలంటే సూడు,
వెతకాలంటే ఎతుకు,
అంకెలు కలపాలంటే కూడు.
"కూడంటే కలుపుద్ది గానీ పెట్టదు మేడమ్" అని
టిఫిను డబ్బా మూత తీస్తూ నవ్వేవాడు.
తప్పు కొడితే మొదట్లో 'నీకేటైనా పిచ్చా' అనేది.
ఏఈ గారు చూశాక
'మరోపాలి సెప్పు' అని మర్యాద నేర్చుకుంది.

ఆజ్ఞ కోసం కాచుకునే చోట
లోకానికంతా డాలరు గుర్తు ఉంటుందట.
మాకు రెండక్షరాలు:

ఏటి

ఏమిటి అని అడుగుతోందో
ఏటి సంగతి చెప్పమంటోందో
అతన్ని అడగాలనుకుంటూనే ఉన్నాను,
కాంట్రాక్టు అయిపోయింది.

ఆ రాత్రి ఒడిశా కొండల మీద తెరిపి లేదు.
కరెంటు పోయింది, కుర్చీ కింద బ్యాటరీ
గంటకోసారి కీచుమంటోంది.
గేజి దగ్గర్నుంచి గౌరీసు ఫోను:
"అమ్మా, నాలుగో గీత ములిగిపోనాది.
నా గొడుగెగిరిపోనాది. రాసుకో."

ఏటి, అంది తెర.
గేటు గేటుకీ లెక్క వేసి కూడు అన్నాను.
1,12,000 క్యూసెక్కులు.
ఫైల్లో దాచాను.

అన్న మాట వెనక్కి తీసుకోనివ్వని కిటికీలుంటాయి,
పైకి జరిగిపోయిన గీత ఇక నుదుటి రాతే.
ఇది కాగితం.
బాణం మీట మీద వేలుంచి పైకి నడిచి
సాయంత్రం తప్పు కొట్టిన ఆజ్ఞ దగ్గర ఆగి
ఒక్క అక్షరం దిద్ది మళ్లీ పంపొచ్చు.
జవాబునూ దిద్దొచ్చు.

దిద్దాను.
దిగువన గౌరీసు మడి ఉంది.
ముప్పై సెంట్లు, ఊడ్చి పదకొండు రోజులు.
మొదటి ఒకటి మీద కర్సరు పెట్టి చెరిపేశాను.
12,000.
తెర ఏమీ అనలేదు.
మేకల్ని తోలుకుని దాటిపోవచ్చు, అంత చిన్న ఏరు.
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఫోను. "రాసీసేవా అమ్మా?"
"రాసేశాను" అన్నాను.
పేజీ అడుక్కొచ్చి సూడు అన్నాను.
నేను చెరిపింది తెర మీది సిరానే.
ఫైలు దాచుకున్నది దాచుకున్నట్టే తెచ్చి
నా చిన్న ఏటి కింద పెట్టింది.

కంట్రోలు రూముకి కింది అంకె పంపాను.
దిగువ ఊళ్లు ఎతుకు అంటే
పేర్లూ ఫోను నంబర్లూ బారులు తీరాయి.
ఎత్తినవాళ్ల పక్కన అక్కడే 'ఎత్తారు' అని,
ఎత్తనివాళ్ల పక్కన ఏమీ రాయకుండా
మళ్లీ మళ్లీ కొట్టాను.

తెల్లారి ఏఈ గారు ప్రింటు తీయమన్నారు.
పేజీ పేజీగానే వచ్చింది:
ఆజ్ఞలు, జవాబులు, ఊళ్లు,
నడుమ నాకోసం రాసుకున్న
'కొవ్వొత్తులు నాలుగు, బియ్యం కొట్టు బాకీ',
ఆ మేకలు దాటే ఏరు.
"ఇదేంటమ్మా?" అని
పన్నెండు వేల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు.

నేను నోరు తెరిచేలోగా
తొడల దాకా ఒండ్రుతో గుమ్మంలోకొచ్చాడు గౌరీసు.
కాగితం చూశాడు, మా మొహాలు చూశాడు.

"ఏటి?" అన్నాడు.